కంటికి పొర, నెత్తురుకు జన్యువు: కొత్త వైద్యం మన దాకా ఎంత వచ్చింది?



మా ఓపీలో ఈ మధ్య తరచుగా వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. "టీవీలో చూపించారు సార్, కన్ను ప్రింటు చేస్తున్నారంట గదా?" "జన్యువు మారిస్తే మా వాడికి రక్తం కారడం నిలిచిపోతుందంట, నిజమేనా?" ఒక తల్లి అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, "ఉన్న మూడెకరాలు అమ్మేదా మేడమ్?" అని అడిగింది. ఆమె కొడుకుకు హీమోఫీలియా. మోకాలు వాచినప్పుడల్లా బడి మానేసి మంచాన పడి ఉంటాడు.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాము. పొలం అమ్మే దాకా వచ్చిన ప్రశ్నకు "తెలియదు, పెద్ద ఆస్పత్రిలో అడగండి" అని పంపడం న్యాయం కాదు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని మొదటి నుండి, మాకు తెలిసినంతవరకు సులభంగా చెప్పాలనుకున్నాము. చదివిన తరువాత ఇంట్లో చదవడం రాని పెద్దలకు కూడా వివరించండి.

శరీరం ఒప్పుకునే వస్తువులు

కాలిలో చిన్న తుమ్మముల్లు విరిగితే రెండు రోజుల్లో వాచి చీము పడుతుంది. శరీరం తనది కాని వస్తువును గుర్తుపట్టి బయటికి తోసేయాలని చూస్తుంది. మరి శుక్లం ఆపరేషన్‌లో కంటిలో పెట్టిన లెన్సు ముప్పై ఏళ్ళయినా ఎందుకు అలాగే ఉంటుంది? విరిగిన తొడ ఎముకలో వేసిన రాడ్డు ఎందుకు కుళ్ళదు?

కారణం ఏమిటంటే కొన్ని వస్తువులతో శరీరం గొడవ పెట్టుకోదు. అలాంటి వాటిని జీవపదార్థాలు, అంటే బయోమెటీరియల్స్ అంటారు. వాటిని వెతికి, పరీక్షించి, మనిషి శరీరంలో పెట్టడానికి తగినట్లు తయారు చేసే విద్యకు బయోమెడికల్ ఇంజనీరింగ్ అని పేరు. ఇందులో డాక్టర్లతో పాటు ఇంజనీర్లు, రసాయన శాస్త్రవేత్తలు కలిసి పనిచేస్తారు.

కంటి లెన్సు కథ చిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానం అద్దాలు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలు లోపలే ఉండిపోయినా కన్ను పెద్దగా వాచడం లేదని హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లండు కంటి డాక్టరు గమనించాడు. 1949లో అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి లండన్‌లో ఒక రోగి కంటిలో అమర్చాడు. మన దేశంలో చాలాకాలం ఆ లెన్సులు దిగుమతి చేసుకోవలసి రావడంతో పేదవాళ్ళకు అందేవి కావు. మదురైలో 1992లో ఆరోల్యాబ్ సంస్థ వీటిని ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టాక ధర బాగా దిగింది. మన శిబిరాల్లో ఉచితంగా లెన్సు వేయించుకుంటున్నామంటే దాని వెనుక ఈ కథ ఉంది.

గుండె కవాటం సంగతీ అంతే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు స్వదేశీ గుండె కవాటం చేయాలని ఏళ్ళ తరబడి శ్రమించారు. మొదటి నమూనాలు పరీక్షలో నిలవలేదు. నాలుగవ నమూనా నిలిచింది. 1990 డిసెంబరులో దానిని మొదటిసారి ఒక రోగికి అమర్చారు. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం చెడిపోయినవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990లలో తయారు చేయించిన స్టెంటు గురించి కూడా మీలో కొందరు వినే ఉంటారు.

ఇవన్నీ ప్రాణం లేని వస్తువులు. ఇప్పుడు పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు. ప్రాణమున్న కణాలనే మందుగా వాడుతున్నారు. అందుకు మన తెలుగు నేల మీదనే మంచి ఉదాహరణ ఉంది.

సున్నం పడిన కన్ను

కంటి నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలాంటి స్వచ్ఛమైన పొర ఒకటి ఉంటుంది. దానిని కార్నియా అంటారు. మందం సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు, కాబట్టే అద్దంలా ఉంటుంది. మనవాళ్ళు "కంటిలో పువ్వు పూసింది" అంటారే, అది ఈ పొర తెల్లబడటమే.

కార్నియా పైభాగపు కణాలు రోజూ కొన్ని రాలిపోయి, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఆ కొత్త కణాలు ఎక్కడి నుండి వస్తాయి? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో సన్నటి వలయం ఒకటి ఉంది. దాని పేరు లింబస్. అందులో ఉండే మూలకణాలే కొత్త కణాలను పుట్టిస్తాయి. పొలానికి విత్తనాల గాదె ఎట్లాగో కార్నియాకు లింబస్ అట్లా.

కంటిలో సున్నం, యాసిడ్ లేదా సిమెంటు పడితే పైపొర ఒక్కటే కాలదు, ఈ గాదె కూడా కాలిపోవచ్చు. అప్పుడు కొత్త కణాలు పుట్టవు. ఖాళీ అయిన చోటికి తెల్లగుడ్డు మీది పొర ఎర్రటి రక్తనాళాలతో సహా పాకి వచ్చి నల్లగుడ్డును కప్పేస్తుంది. చనిపోయిన దాత కార్నియాను తెచ్చి కుట్టినా నిలవదు, ఎందుకంటే విత్తనం లేని పొలంలో నారు ఎంతకాలం పచ్చగా ఉంటుంది?

ఈ ప్రమాదం మనకు దూరం కాదు. వానలు లేక వేరుశెనగ పోయిన ఏడు మన ఊళ్ళ నుండి ఎందరో బెంగుళూరుకు కట్టడం పనులకు వెళ్తారు. అక్కడ సిమెంటు, సున్నం వాళ్ళ చేతుల్లో ఉంటాయి. ఇంట్లో అవ్వ ఆకు వక్క వేసుకునే సున్నం ఉంటుంది. పిల్లలు సున్నం ప్యాకెట్టును పట్టుకొని నొక్కితే అది పగిలి నేరుగా కంటిలోకి చిమ్ముతుంది. చున్నా ప్యాకెట్ల వల్ల పిల్లల కళ్ళు పోయిన సంగతిని మన దేశపు కంటి వైద్యులు వైద్య పత్రికలలో ప్రత్యేకంగా రాశారు.

మాయలో దొరికిన గుడ్డ

1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను ప్రారంభించారు. అక్కడ డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి, వారి సహచరులు 2001 నుండి కాలిన కళ్ళకు మూలకణాల చికిత్స చేయడం మొదలుపెట్టారు. 1997లో ఇటలీ పరిశోధకులు మొదట చూపించిన దారిని వీరు మన పరిస్థితులకు తగినట్లు మార్చుకున్నారు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక కన్ను కాలి, ఇంకో కన్ను బాగున్న వ్యక్తిని తీసుకుందాం. బాగున్న కంటి లింబస్ నుండి చాలా చిన్న ముక్క తీస్తారు. దానిని ప్రయోగశాలలో పది రోజులో రెండు వారాలో పెంచితే కణాలు ఒక పొరలా పరుచుకుంటాయి. కాలిన కంటి మీద పాకిన ఎర్రపొరను గీకి తీసేసి, ఈ కొత్త పొరను పరుస్తారు. కణాలు రోగివే కాబట్టి శరీరం తోసేయదు.

అయితే కణాలు గాలిలో పెరగవు గదా. వాటికి పరుపులాంటిది ఒకటి కావాలి. ఆ పరుపు ఎక్కడ దొరికిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. బిడ్డ పుట్టాక మనం గుంట తీసి పూడ్చే మాయలోనే! బిడ్డను చుట్టి ఉండే ఉమ్మనీటి సంచి లోపలి పలుచని పొర అది. వాపును తగ్గిస్తుంది, గాయాన్ని త్వరగా మాన్పుతుంది, ఎవరి శరీరంలో పెట్టినా సాధారణంగా గొడవ రాదు. దీనిని కంటికి వాడడం 1940లోనే మొదలైంది. సిజేరియన్ అయిన తల్లి అనుమతితో తీసుకొని, ఆమెకు హెచ్.ఐ.వి., కామెర్లు, సిఫిలిస్ వంటివి లేవని రక్తపరీక్షలతో నిర్ధారించుకొని, శుభ్రపరచి, గడ్డకట్టించి దాచుకుంటారు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? ఆ సంస్థవారు 2011లో 200 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో 71 శాతం మందికి కంటి ఉపరితలం స్థిరంగా నిలిచింది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. ఉపరితలం నిలవడమంటే చూపు పూర్తిగా వచ్చిందని కాదు. కొందరికి ఆ తరువాత కార్నియా మార్పిడి కూడా చేయవలసి వస్తుంది. మిగిలిన 29 శాతం మందిలో పొర నిలవలేదు.

ప్రయోగశాల, పరికరాలు, శిక్షణ పొందిన మనుషులు లేని ఊళ్ళలో ఈ పద్ధతి సాధ్యం కాదు. అందుకే అదే బృందం ఇంకా సులువైన మార్గం వెతికింది. 2012లో వారు ప్రచురించిన పద్ధతిలో ప్రయోగశాలతో పని లేదు. బాగున్న కంటి నుండి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దానిని ఆపరేషన్ బల్ల మీదనే ఎనిమిది, పది తునకలు చేసి, కాలిన కంటి మీద పరిచిన మాయపొర మీద జిగురుతో అంటిస్తారు. కణాలు కంటి మీదనే పెరుగుతాయి. ఈ పద్ధతిలో 125 మందికి చికిత్స చేయగా 76 శాతం మందిలో మంచి ఫలితం నిలిచిందని 2016లో ప్రకటించారు. పేద దేశాలకు ఇది పెద్ద మేలు.

రెండు కళ్ళూ కాలినవారికి మాత్రం సమస్య కష్టమైనది. రక్తసంబంధీకుల కంటి నుండో, దాత కంటి నుండో కణాలు తీసుకోవాలి. అవి తమవి కావు కాబట్టి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడవలసి వస్తుంది.

ప్రింటు చేసిన కార్నియా సంగతి

టీవీలో మీరు చూసినది కల్పన కాదు. 2022 ఆగస్టులో ఎల్.వి. ప్రసాద్ సంస్థ, ఐ.ఐ.టి. హైదరాబాదు, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కలిసి త్రీడీ ప్రింటింగ్ పద్ధతిలో కార్నియా తయారు చేసినట్లు ప్రకటించారు. మనుషుల కార్నియాలోని కణాలను తొలగించి మిగిలిన పీచు పదార్థాన్ని గుజ్జుగా మార్చి, దానిలో మూలకణాలు కలిపి, పొరలు పొరలుగా పేర్చారు. జంతువుల పదార్థం గానీ, కృత్రిమ రసాయనం గానీ వాడలేదని చెప్పారు.

కానీ దానిని అప్పుడు అమర్చింది కుందేలు కంటిలో. కుందేలు నుండి మనిషి దాకా రావడానికి ఎన్నో పరీక్షలు, అనుమతులు, సంవత్సరాలు పడతాయి. అందుకని "ప్రింటు కన్ను వేయిస్తాము, అడ్వాన్సు కట్టండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంకొక మాట. ఆ గుజ్జుకు కావలసిన ముడిసరుకు కూడా మనుషుల కార్నియాల నుండే వచ్చింది. అంటే నేత్రదానం లేనిదే ఈ పరిశోధన కూడా లేదు.

కంటిలో సున్నం పడితే వెంటనే ఏమి చేయాలి?

• పొడి సున్నమైతే రెప్పల మీద, చుట్టూ ఉన్న దానిని ముందు గుడ్డతో తుడిచేయండి.

• వెంటనే నీళ్ళు పోయండి. రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకొని, కనీసం అరగంట సేపు ఆగకుండా ధారగా పోయాలి. మన ప్రాంతంలో బిందె నీళ్ళ విలువ మాకు తెలుసు. ట్యాంకరు వారానికొకసారి వచ్చినా సరే, ఆ రోజు ఆ బిందె కంటికే.

• రెప్పల కింద సున్నం ముద్దలు అంటుకొని ఉంటాయి. కంటిని పైకి, కిందికి, పక్కలకు తిప్పమని చెబుతూ కడగండి.

• నిమ్మరసం, ఆముదం, చనుబాలు, ఆకు పసరు వేయవద్దు. నలపవద్దు. కట్టు కట్టవద్దు.

• కడిగిన తరువాతే ఆస్పత్రికి బయలుదేరండి. కడగకుండా బస్సు కోసం పరుగెత్తితే దారి పొడవునా సున్నం కంటిని కాలుస్తూనే ఉంటుంది.

పైన చెప్పిన గొప్ప చికిత్సలన్నింటి కంటే మొదటి అరగంట నీళ్ళే ఎక్కువ కళ్ళను కాపాడతాయి.

నెత్తురు గడ్డకట్టని పిల్లలు

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. మన శరీరంలో ప్రతి కణం లోపల ఒక పుస్తకం ఉందనుకోండి. ఏ పదార్థం ఎలా తయారు చేయాలో అందులో రాసి ఉంటుంది. ఆ పుస్తకమే డి.ఎన్.ఏ. అందులో ఒక్కొక్క పాఠం ఒక్కొక్క జన్యువు. పాఠంలో అచ్చుతప్పు ఉంటే ఆ పదార్థం తయారు కాదు, లేదా తప్పుగా తయారవుతుంది.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలలో ఫ్యాక్టర్ 8 ఒకటి. దాని జన్యువులో తప్పు ఉంటే వచ్చే జబ్బు హీమోఫీలియా ఏ. సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. ఫ్యాక్టర్ ఒక శాతం కన్నా తక్కువ ఉంటే తీవ్రమైన జబ్బు. దెబ్బ తగలకపోయినా కీళ్ళలోకి నెత్తురు దిగుతుంది. మోకాలు, మోచెయ్యి, చీలమండ వాచి, ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి వంకరపోతాయి. తలలో రక్తస్రావమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒకటి. కాబట్టి సాధారణంగా తల్లి జబ్బు పెద్దగా కనబడకుండా దానిని మోస్తుంది, కొడుకులో అది బయటపడుతుంది. మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ జబ్బు వచ్చే అవకాశం సగం. ప్రతి కూతురూ మోసేది కావడానికి అవకాశం సగం. మూడింట ఒక వంతు పిల్లల విషయంలో వంశంలో ఎవరికీ లేకుండానే జన్యువులో కొత్తగా తప్పు పుడుతుంది. ఇంత స్పష్టంగా ఎందుకు చెబుతున్నామంటే, బిడ్డకు జబ్బు వచ్చిందని కోడలిని నిందించే ఇళ్ళు ఉన్నాయి. ఏ జన్యువు బిడ్డకు వెళ్ళాలో ఏ తల్లీ ఎంచుకోలేదు. ఇది శాపమూ కాదు, ఎవరి పాపమూ కాదు.

ఇప్పుడున్న చికిత్స లోపించిన ఫ్యాక్టరును నరంలోకి ఎక్కించడం. కొందరికి చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ అనే మందు కూడా వచ్చింది. ఇవి పనిచేస్తాయి, కానీ జీవితాంతం వాడుతూనే ఉండాలి.

వేలూరులో జరిగినది

మనవాళ్ళకు కాట్పాడి స్టేషను కొత్త కాదు. జబ్బు ముదిరితే "వేలూరు తీసుకుపోదాం" అనడం రాయలసీమలో మామూలు మాట. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి సి.ఎం.సి. ఆస్పత్రి. హీమోఫీలియా జన్యుచికిత్సలో ఒక ముఖ్యమైన ప్రయోగం అక్కడే జరిగింది.

డాక్టర్ ఆలోక్ శ్రీవాస్తవ బృందం అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయం వారితో కలిసి ఈ పరిశోధన చేసింది. ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. పద్ధతి ఇది:

మొదట రోగి రక్తం నుండి అతని సొంత రక్త మూలకణాలను సేకరించారు. తరువాత ప్రయోగశాలలో వాటిలోకి ఫ్యాక్టర్ 8 సరైన జన్యువును ఎక్కించారు. జన్యువును కణం లోపలికి మోసుకుపోవడానికి ఒక వైరస్‌ను బండిలా వాడారు. వైరస్‌కు కణంలోకి దూరడం బాగా తెలుసు. దాని జబ్బు చేసే భాగాలను తీసేసి, ఆ స్థానంలో మంచి జన్యువును పెట్టారు. ఆ తరువాత రోగికి కీమోథెరపీ ఇచ్చి ఎముక మూలుగలో చోటు చేశారు. చివరగా సరిచేసిన కణాలను నరం ద్వారా ఎక్కించారు. అవి మూలుగలో నాటుకొని, వాటి నుండి పుట్టిన రక్తకణాలు ఫ్యాక్టర్ 8 తయారు చేయడం మొదలుపెట్టాయి.

చికిత్స పొందినవారు అయిదుగురు, అందరూ వయసొచ్చిన మగవారే. అంతకుముందు వారికి ఏడాదికి ఇరవై సార్లకు తక్కువ కాకుండా రక్తస్రావం అయ్యేది. చికిత్స తరువాత గమనించిన కాలంలో ఒక్కరికి ఒక్కసారి కూడా కాలేదు. ఆ గమనించిన కాలం మనిషిని బట్టి 9 నుండి 27 నెలలు. ఇద్దరిలో ఫ్యాక్టర్ తక్కువగానే పెరిగింది. కణాల్లోకి జన్యువు బాగా ఎక్కేందుకు ఇంకొక పదార్థం కూడా వాడిన మిగతా ముగ్గురిలో అది సుమారు 19 నుండి 40 శాతం దాకా చేరింది. మామూలు మనిషిలో ఉండే దానికన్నా ఇది తక్కువే. అయినా నెత్తురు దానంతట అది కారకుండా ఉండడానికి చాలు.

ఇది ఎంత గొప్ప విషయమో, ఎంత జాగ్రత్తగా చూడవలసిన విషయమో రెండూ చెప్పాలి. గొప్పతనం ఏమిటంటే, ఇది మన దేశంలో, మనవాళ్ళు వెళ్ళగలిగే ఆస్పత్రిలో జరిగింది. హీమోఫీలియా బి కి అమెరికాలో 2022లో అనుమతి పొందిన జన్యుచికిత్స మందు ధర ఒక మనిషికి 35 లక్షల డాలర్లు. మన రూపాయల్లో పాతిక కోట్లు దాటుతుంది. అలాంటి ధరతో మనకేమి పని? ఇక్కడే తయారైతే తప్ప మన పిల్లలకు అందే మార్గం లేదు.

జాగ్రత్త ఏమిటంటే, అయిదుగురు అంటే అయిదుగురే. పది, ఇరవై ఏళ్ళ తరువాత ఏమవుతుందో కాలమే చెప్పాలి. కీమోథెరపీ వల్ల కొన్ని వారాలు రోగనిరోధక శక్తి పడిపోతుంది, జుట్టు రాలుతుంది, పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. మంచి జన్యువు కణంలో తప్పు చోట కూర్చుంటే కేన్సరు వస్తుందేమో అన్న భయంతో ఇలాంటి రోగులను ఏళ్ళ తరబడి గమనిస్తూ ఉంటారు.

మేనరికం మాటేమిటి?

"మేము మేనమామనే చేసుకున్నాము, అందుకే ఇలా అయిందా?" అని చాలామంది అడుగుతారు. హీమోఫీలియా ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చేది కాబట్టి దానికి మేనరికం కారణం కాదు. తలసీమియా, పుట్టు చెవుడులో కొన్ని రకాలు, కొన్ని కంటి జబ్బులు మాత్రం వేరు. తల్లి నుండి, తండ్రి నుండి ఒకే తప్పు జన్యువు రెండు వైపులా వస్తేనే అవి బయటపడతాయి. దగ్గరి చుట్టరికంలో ఆ అవకాశం పెరుగుతుంది.

మేనరికం లేకపోయినా తరతరాలుగా ఒకే కులంలో, ఒకే గుంపులో పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. హైదరాబాదు సి.సి.ఎం.బి. కి చెందిన డాక్టర్ తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా జనసమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుండే విస్తరించినట్లు గట్టి గుర్తులు కనబడ్డాయి. అలాంటి చోట ఆ పూర్వీకులలో ఒకరికి ఉన్న తప్పు జన్యువు ఇప్పుడు ఎందరిలోనో ఉంటుంది.

దీనికి వైద్యులందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే ఒక మందును మన రక్తంలోని ఒక ఎంజైము కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. వైశ్య సమాజంలో ఆ ఎంజైము లోపం ఇతరులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటివారికి ఆ మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. అందువల్ల మీ కులం ఏదైనా సరే, కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత మెలకువ రావడం ఆలస్యమై ఉంటే తప్పక చెప్పండి. జన్యుశాస్త్రం అంటే కోట్ల రూపాయల చికిత్స ఒక్కటే కాదు. ఇలాంటి చిన్న సమాచారం కూడా ప్రాణం నిలుపుతుంది.

చికిత్సా? పరిశోధనా? ఎలా తెలుసుకోవాలి?

"మూలకణాలు", "జన్యువు" అనే మాటలు వినగానే ఆశ పుడుతుంది. ఆశను అమ్ముకునేవారు కూడా ఉన్నారు. మెదడు పక్షవాతం పిల్లలకు, వెన్నుపూస దెబ్బకు, చక్కెర జబ్బుకు మూలకణాల ఇంజెక్షను అని లక్షలు తీసుకునే క్లినిక్కులు నగరాల్లో వెలిశాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త జబ్బులకు చేసే ఎముక మూలుగ మార్పిడి వంటి స్థిరపడిన చికిత్సలు తప్ప మిగతా మూలకణ చికిత్సలను అనుమతి పొందిన పరిశోధనగా మాత్రమే చేయాలి.

ఎవరైనా కొత్త చికిత్స అంటే ఈ ప్రశ్నలు అడగండి:

• ఇది అనుమతి ఉన్న చికిత్సా, పరిశోధనా? పరిశోధన అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత? 2009 జూన్ నుండి ఈ నమోదు తప్పనిసరి.

• పరిశోధన అయితే ప్రయోగించే మందుకు నన్ను డబ్బు ఎందుకు అడుగుతున్నారు?

• ప్రమాదాలు ఏమిటో తెలుగులో రాసి ఇస్తారా? ఇంటికి తీసుకుపోయి ఆలోచించుకునే వ్యవధి ఇస్తారా?

• మధ్యలో మానుకుంటే నా మామూలు చికిత్స ఆగదు గదా? ప్రయోగం వల్ల హాని జరిగితే బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నలకు నిజమైన పరిశోధకులు ఓపికగా జవాబు చెబుతారు. కోపగించుకుంటే మీరు తప్పు చోటికి వచ్చారని అర్థం.

ఈ రోజు మన చేతిలో ఉన్నవి

హీమోఫీలియా పిల్లలున్న ఇంట్లో: ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వకండి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడండి. పిర్రకు, కండకు ఇంజెక్షన్లు చేయనివ్వకండి. కీలు వాచితే కదలకుండా ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, వెంటనే ఫ్యాక్టరు కోసం ఆస్పత్రికి రండి. ఆలస్యం చేసిన ప్రతిసారీ కీలు కొంత పోతుంది. తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నట్లు కనబడినా తీసుకురావాలి. పన్ను పీకించే ముందు, ఆపరేషన్ ముందు జబ్బు సంగతి చెప్పండి. జబ్బు పేరు, ఫ్యాక్టర్ శాతం, రక్తం గ్రూపు రాసిన కార్డు బిడ్డ జేబులో ఉండాలి. అక్కచెల్లెళ్ళకు పెళ్ళికి ముందే క్యారియర్ పరీక్ష గురించి మాతో మాట్లాడండి.

నేత్రదానం గురించి: మరణించిన ఆరు గంటలలోపు కార్నియా తీసుకోవాలి. వయసుతో పని లేదు. కళ్ళజోడు వాడినా, శుక్లం ఆపరేషన్ అయినా, చక్కెర, బీపీ ఉన్నా ఇవ్వవచ్చు. పిచ్చికుక్క కాటు జబ్బు, హెచ్.ఐ.వి., హెపటైటిస్, రక్త కేన్సరు వంటి వాటితో చనిపోయినవారి కళ్ళు మాత్రం తీసుకోరు. పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ముఖం వికారం కాదు. ఐ బ్యాంకు వారు వచ్చేదాకా రెప్పలు మూసి, మీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచి, ఫ్యాను ఆపండి. మార్పిడికి పనికిరాని కార్నియా కూడా పరిశోధనకు ఉపయోగపడుతుంది.

చివరగా, పొలం గురించి అడిగిన ఆ తల్లికి మా జవాబు.

అమ్మా, పొలం అమ్మకు. నీ బిడ్డకు కావలసిన జన్యుచికిత్స డబ్బు ఇస్తే దొరికే దశలో ఇంకా లేదు. అది పరిశోధన. దానిలో చేర్చుకుంటే డబ్బు తీసుకోరు. డబ్బు అడిగారంటే అది అసలైనది కాదు. వేలూరులో జరిగిన పరిశోధన పెద్దవాళ్ళతో మొదలైంది. పిల్లల వంతు ఆ తరువాతనే వస్తుంది. ఆ రోజు వచ్చేసరికి నీ కొడుకు మోకాలు వంకరపోకుండా ఉండడం ముఖ్యం. చెడిపోయిన కీలును ఏ జన్యువూ తిరిగి తేలేదు. అందుకని వాపు కనబడిన రోజే తీసుకురా. వాడిని బడి మాన్పించకు. ఫ్యాక్టరు ఎక్కడ దొరుకుతుందో, ఏ కాగితాలు కావాలో మేము రాసి ఇస్తాము.

మీలో ఎవరికైనా ఇలాంటి సందేహాలు ఉంటే సిగ్గుపడకుండా ఓపీలో అడగండి. అప్పు చేసిన తరువాత కాదు, ముందే రండి.